పెన్సిల్ ప్యాంట్ల దేవమణి

రైల్వే వర్క్‌షాపు సైరన్ మోగేసరికి దేవమణి మొగుడు రాజ్ కిరణ్ సైకిలు ఇంటి గేటు దాటింది. కూతురు కెజియా ఎక్కిన స్కూలు వ్యాను వీధి మలుపు తిరిగింది. వెనక గదిలో అత్త సూసన్న, మంచాన పడ్డ మావకి మొహం కడుగుతున్న నీళ్ల చప్పుడు వినిపిస్తోంది. దేవమణి ముందుగదిలోకి వచ్చి, కిటికీ పక్కనున్న కుట్టుమిషను ముందు కూర్చుని, సూదిలోంచి దారం లాగేసింది. ఆ తర్వాత తొక్కడం మొదలుపెట్టింది.

టకటకమంటూ మిషను నడిచింది. సూది కింద గుడ్డ లేదు. జీన్సు ప్యాంటులో ఒక కాలు కుట్టడానికి ఎంతసేపు పడుతుందో ఆమె పాదాలకి తెలుసు. అంతసేపూ తొక్కి ఆపింది. ప్యాంటు తిప్పుకోవడానికి పట్టేంతసేపు ఊరికే కూర్చుని, రెండో కాలికి మళ్లీ తొక్కింది. మధ్యలో కత్తెర తీసి గాలిలో రెండుసార్లు ఆడించింది. బెంగాలీల రైల్వే ఊళ్లో, ఝపటాపూర్ పేటలోని ఆ ఇంట్లో మూడు నెలలుగా ప్రతి ఉదయం నడుస్తున్న పని ఇదే.

"దేవీ, పనెక్కువుందేటి?" వెనక నుంచి సూసన్న అడిగింది.

"ఉందత్తా. కాలేజీ పిల్లలవి."

అని, ఆమె నాలుక కరుచుకుంది. అబద్ధం ఆడిన ప్రతిసారీ కరుచుకుంటుంది. ఆదివారం చర్చిలో దాన్ని ఒప్పుకోవాలనుకుంటుంది. ఒప్పుకోవడానికి కళ్లు మూసుకుంటే అసలు తనేం తప్పు చేసిందో, ఎందుకిలా అయిందో అదే అంతుపట్టక మనసు తిరిగిన చోటే తిరుగుతుంది.

ఎందుకంటే ఒకప్పుడు ఇలా లేదు. పెళ్లయి ఈ ఇంటికి వచ్చినప్పుడు ఆమెకి పద్దెనిమిదేళ్లు. టెన్త్ పరీక్షకి పేరు ఇచ్చి కూడా రాయలేదు, వాళ్లమ్మకి జబ్బు చేసి చదువు ఆగిపోయింది. మొగుడు డిప్లొమా, ఆడపడుచు ఏంజలిన్ చదువుల పిల్ల. అత్త చర్చి సంఘంలో అందరికీ "మా కోడలు, టెన్త్ రాయనేదు గానీ మంచి పిల్ల" అని పరిచయం చేసేది. ఆ "గానీ" దగ్గర దేవమణి తల ఒంచుకునేది. మావ సమూయేలు మాత్రం ఏమీ అనకుండా ఒకరోజు ఈ మిషను తెచ్చి కిటికీ దగ్గర పెట్టాడు. వర్క్‌షాపులో రైలుపెట్టెల సీట్లకి రెక్సిన్ కుట్టే సెక్షన్‌లో పనిచేసిన మనిషి. మందం గుడ్డని లాగకూడదని, వెనక నుంచి మెల్లగా తోయాలని ఆయనే నేర్పాడు.

ఆ ఏడు క్రిస్మస్‌కి ముందు పాటల బృందంలో జెర్రీ అనే కుర్రాడు కొత్త జీన్సు పట్టుకొచ్చి, "వదినా, దీన్ని కాలికి మేజోడు తొడిగినట్టు చేసిపెట్టు" అన్నాడు. దేవమణి పక్క కుట్టు విప్పి, మోకాలి దగ్గర్నుంచి మడమ దాకా సుద్దతో ఏటవాలుగా గీసి, కోసి, అడుగున కంపెనీ మడత చెదరకుండా కుట్టిచ్చింది. పండగ రోజు జెర్రీని చూసిన కుర్రాళ్లంతా మర్నాడు గేటు దగ్గరున్నారు. ఆ తర్వాత పక్క పేటలైన న్యూ సెటిల్‌మెంట్ నుంచి వచ్చారు, మలంచా నుంచి వచ్చారు, బెంగాలీలు వచ్చారు, ఒడియా వాళ్లు వచ్చారు. "దేవమణి దీదీ చేస్తే ఫ్యాక్టరీ కుట్టులాగే ఉంటుంది" అనేవారు. ఎంత బిగువుగా ఉండేవంటే, చర్చిలో పాస్టరు గారు "మోకరించి ప్రార్థన చేద్దాం" అంటే వెనక వరస కుర్రాళ్లు మోకాళ్లు వంగక నిలబడిపోయేవారు. ఆయనే ఒకసారి గేటు దాకా వచ్చి, "అమ్మా, దేవుడి ముందు వంగేంత గుడ్డ అయినా వదలండి" అని బతిమాలి వెళ్లాడు. ఆ మాట చెప్పుకుని సూసన్న వారం రోజులు నవ్వింది. "మా కోడలు పెన్సిల్ ప్యాంట్ల దేవమణి" అని సంఘంలో చెప్పుకుంది. ఈసారి "గానీ" లేదు.

పని ఎక్కువై మాట్లాడే తీరిక లేకుండా పోయాక ఒక పద్ధతి ఏర్పడింది. గేటుకి కొట్టిన మేకుకి సంచీ తగిలించి వెళ్లిపోవడం. సంచీలో ప్యాంటు, పేరు రాసిన కాగితం. ఏం చేయాలో ఎవరూ రాసేవారు కాదు, రాయాల్సిన అవసరమే లేదు. లూజుగా వచ్చింది బిగువుగా తిరిగి వెళ్లాలి. పదేళ్లు అలాగే గడిచాయి.

ఎప్పుడు తగ్గడం మొదలైందో దేవమణికి సరిగ్గా తెలీదు. ఒక క్రిస్మస్‌కి సంచీలు సగమయ్యాయి. ఈస్టర్‌కి రెండే వచ్చాయి. వానలు పడ్డాక మేకు తుప్పు పట్టింది. మలంచాలో కొత్త టైలరు ఎవరైనా వచ్చాడేమోనని ఒకరోజు పనిగట్టుకుని వెళ్లి చూసింది. పాత శ్రీనివాసే ఉన్నాడు, జాకెట్లకి హుక్కులు కుడుతున్నాడు. తన కుట్టు ఎవరికైనా పిగిలిందా? ఎవరైనా ఏదైనా అన్నారా? తను ఎవరినైనా ఏమైనా అందా? దిష్టి అంటే పాస్టరు గారు ఒప్పుకోరు గానీ, అది కూడా అనుకుంది.

రోడ్డు మీద లూజు ప్యాంట్లు కనిపించలేదా అంటే, కనిపించాయి. నేల ఊడుస్తూ నడిచే కుర్రాళ్లని, లంగాలాంటి జీన్సు వేసుకున్న ఆడపిల్లల్ని రోజూ చూస్తూనే ఉంది. కానీ పదేళ్లుగా ఆమె కంటికి లూజు ప్యాంటు అంటే ఇంకా తన దగ్గరికి రాని ప్యాంటు. ఇవాళ కాకపోతే రేపు వస్తుందిలే అనుకునేది. వచ్చేది కాదు. ఎందుకు రాదో తెలిసేది కాదు.

ఆ గురువారం ఆమె మిషను ఆపి లేవబోతుంటే సూసన్న రెండు గ్లాసుల్లో టీ పట్టుకొచ్చి గుమ్మం దగ్గర పీట మీద కూర్చుంది. స్త్రీల సమాజంలో ప్రార్థన నడిపించే మనిషి, గొంతు పెద్దది. ఇంట్లో మాత్రం ముఖ్యమైన మాట ఏదైనా చెప్పాలంటే టీలోకి చూస్తూ చెబుతుంది.

"మీ మావకి దగ్గు తగ్గనేదు. ఆ గది గోడ సెమ్మెక్కిపోనాది."

"డాక్టరు దగ్గరికి తీసుకెల్దామా అత్తా?"

"డాక్టరేటి సెప్తాడు? గాలి తగలాల, ఎలుతురుండాల అన్నాడు. మందు కన్నా అదే ముక్యమన్నాడు." ఒక గుక్క తాగింది. "ఈ కిటికీ కాడ మంచమేస్తే మనుషులు కనిపిస్తారు. వందమంది మజ్జిన మెలిగినోడు. ఆ జబ్బు సేసినకాడి నించి గోడ సూసుకోని పడున్నాడు."

దేవమణి మిషను మీద చెయ్యి వేసి నిమిరింది. మావకి కుడి పక్క చచ్చుబడి ఎనిమిది నెలలయింది. ఇంట్లో గాలీ వెలుతురూ వచ్చే గది ఇదొక్కటే. అందులో తను లేని పని చేస్తూ కూర్చుంది.

"పని లేకపోతే ఎప్పుడో ఇచ్చేద్దును అత్తా."

"ఎన్నున్నాయేటి?"

"పది." నోటికొచ్చిన అంకె అది. "పది ప్యాంట్లు. కాలేజీలో ఏదో ఫంక్షనంట."

"పదా." సూసన్న ఆమె మొహంలోకి కాస్త ఎక్కువసేపే చూసింది. "సరే. ఆదివారం ఆరాధన అయినాక మల్లీ మాటాడుకుందాం. ఉంటే ఉందని సెప్పు, నేకపోతే నేదని సెప్పు. ఏదైనా నాకు పరవానేదు."

అత్త వెళ్లిపోయాక దేవమణి మిషను ముందే కూర్చుండిపోయింది. నిజం చెబితే మిషను చప్పుడు ఆగిపోతుంది. ఆగిపోతే ఈ ఇంట్లో తనెవరు? మూడో తరగతి కెజియా లెక్కల పుస్తకంలో ఇంగ్లీషు ప్రశ్న అడిగితే ఇప్పటికే "ఏంజలిన్ అత్తనడుగమ్మా" అంటుంది. రేపు స్కూల్లో మీ అమ్మ ఏం చేస్తుందో రాయమంటే ఆ పిల్ల ఏం రాస్తుంది? మిషను చప్పుడు ఆగిన ఇంట్లో తను మళ్లీ "గానీ" కోడలే. ఆ భయానికి ఒక ముసలాయన ఊపిరిని అడ్డం పెట్టుకుంది. అది కూడా తెలుసు. తెలిసీ లేవలేకపోయింది.

ఆ సాయంత్రమే ఏంజలిన్ సంచీ ఊపుకుంటూ వచ్చింది.

"వదినా, ఉద్యోగం వచ్చింది నాకు. మలంచా రోడ్డు మీద పెద్ద బట్టల షోరూమ్ లేదూ, అందులో. సోమవారం నించి రమ్మన్నారు. ఇదిగో, యూనిఫారం. జీన్సు పొడుగుంది, పిన్ను పెట్టినాను చూడు. చర్చిలో పాటల ప్రాక్టీసుంది, వెళ్లొస్తాను."

"టీ తాగెల్లు పిల్లా."

"వచ్చి తాగుతాను."

గేటు చప్పుడైంది. దేవమణి సంచీలోంచి నల్ల టీషర్టు తీసి పక్కన పెట్టి, జీన్సు విప్పి పట్టుకుంది. చూసేసరికి నవ్వొచ్చింది. ఒక్కో కాలులో ఇద్దరు ఏంజలిన్లు పడతారు. పాపం, సైజు చూడకుండా ఇచ్చేశారు. పిల్ల కూడా ఉద్యోగం వచ్చిన సంబరంలో పొడుగొక్కటే చూసుకుంది. ఆ ఇంట్లో కొత్త జీన్సు అంటే మొదట వదిన చేతిలో పడాల్సిందే. ఏంజలిన్ ఎనిమిదో క్లాసు నుంచీ అన్నీ అంతే, ఎవరూ అడిగిందీ లేదు, చెప్పిందీ లేదు.

మర్నాడు పొద్దున్న సైరన్ మోగాక దేవమణి సూదిలోకి దారం ఎక్కించింది. సుద్దతో గీత గీసింది. కత్తెర గుడ్డలో దిగినప్పుడు వచ్చే ఆ గరగర ఎన్నాళ్లకి విన్నదో. బరువైన గుడ్డ, మంచి నేత. మావ నేర్పినట్టు లాగకుండా తోస్తూ కుట్టింది. ఒక కాలు అయ్యాక విప్పి మళ్లీ కుట్టింది, కుట్టు వంకర పోయి కాదు, ఇంకాసేపు కుట్టాలనిపించి. ఆ రోజు భోజనాల వేళ ఆమె కూనిరాగం తీస్తుంటే సూసన్న వంటింటి గుమ్మంలో ఆగి విని లోపలికి వెళ్లింది.

శనివారం సాయంత్రం ఇస్త్రీ చేసి మడత పెట్టిన ప్యాంటుని రెండు చేతులతో అందించింది. ఏంజలిన్ లోపలికి వెళ్లి తలుపేసుకుంది. ఎంతసేపటికీ రాలేదు. వచ్చినప్పుడు మొహం పాలిపోయి ఉంది.

"ఏటిది వదినా?"

"ఎలగుంది? మడమ కాడ ఇంకాస్త తగ్గించమంటే తగ్గిస్తాను."

"ఎవరు తగ్గించమన్నారు దీన్ని?"

"ఎవరో సెప్పాలేటి? నీ ప్యాంట్లన్నీ నాను..."

"అప్పుడు వేరు వదినా. ఇది లూజుగానే ఉండాలి. లూజుగా ఉండడమే దీని ఫ్యాషను. షాపులో మేమందరమూ ఇలాంటివే వేసుకోని నిలబడాలి. మమ్మల్ని చూసి కదా కొంటారు."

"ఎందుకలగ?" దేవమణి నిజంగానే అడిగింది. "అంత లూజు ఎందుకేసుకుంటారు? కాలు ఎక్కడుందో కనిపించదు కదా?"

"అదే ఇప్పుడు అందం. ఈ కాలికి అతుక్కునేవి ఎవరేసుకుంటున్నారు ఇప్పుడు? అంకుల్స్ వేసుకుంటున్నారు."

కుర్చీలో కూర్చున్న రాజ్ కిరణ్ తన కాళ్ల వంక చూసుకున్నాడు. బొజ్జ కింద, బిగుసుకుపోయిన పెన్సిల్ ప్యాంటు. "నాకు బాగానే ఉన్నాయే" అన్నాడు మెల్లగా.

"నీకు పెళ్లయిపోయింది అన్నియ్యా, నీకేం వేసుకున్నా ఒకటే." ఏంజలిన్ వదిన వైపు తిరిగింది. "కంపెనీ బట్ట ఇది. మొదటి రోజే పాడు చేసుకోనొచ్చినానని పంపేస్తారు. ఆర్నెల్లుగా ఆ గేటుకి ఒక్క సంచీ తగిలిందేటి? నీకు కొయ్యడానికి ఇంక నా ప్యాంటే దొరికిందా వదినా?"

దేవమణి అత్త వైపు చూడలేక చూసింది. ఇప్పుడు అడుగుతుంది. ఆ పది ప్యాంట్లు ఎక్కడున్నాయని అడుగుతుంది.

"నోరు అదుపులో పెట్టుకో ఏంజలిన్" అంది సూసన్న. అంతే. పది ప్యాంట్ల ఊసు ఎత్తలేదు. ఎత్తకపోవడంతో దేవమణికి ఇంకా భయమేసింది.

"మమ్మీ, మల్లీ లూజు సేసీ" అంది కెజియా.

"కోసేసినానమ్మా. కోసేసిన గుడ్డ మల్లీ ఎలగొస్తాది?" అంటూ దేవమణి ఆడపడుచు వైపు తిరిగింది. "సోమవారం నానొస్తాను నీతో. తప్పు నాది. నానే సెప్తాను మీ మేనేజరుకి."

"నువ్వా? అక్కడ హిందీలో మాటాడాల."

"పదేళ్లు ఆ గేటు కాడ మాటాడింది హిందీయే కదా."

ఆదివారం చర్చిలో పాస్టరు గారు "మోకరించుదాం" అన్నారు. దేవమణి కళ్లు మూసుకోకుండా పక్కకి చూసింది. వెనక వరసల్లో కుర్రాళ్లందరూ, ఒక్కరు కూడా ఇబ్బంది పడకుండా, మెత్తగా మోకాళ్ల మీద వాలారు. వాళ్ల వెడల్పాటి ప్యాంట్లు నేలమీద పరుచుకున్నాయి. ఎన్ని ఆదివారాలుగా ఇలా వాలుతున్నారో. ఎన్ని ఆదివారాలుగా తను కళ్లు మూసుకుని ఉందో. ఆరాధన అయ్యాక అత్త గది మాట ఎత్తుతుందని ఇంటి దాకా ఎదురు చూసింది. అత్త ఎండుచేపల కూర గురించి మాట్లాడింది.

సోమవారం పది కాకముందే ఇద్దరూ షోరూమ్ ముందు ఆటో దిగారు. అద్దాల తలుపు చూడగానే దేవమణికి అడుగు ముందుకు పడలేదు. చీర కొంగు సర్దుకుంది. చెప్పులు విడిచి వెళ్లాలేమోనని ఆగింది. ఏంజలిన్ మొన్నటి కోపంతో ఇంకా సరిగ్గా మాట్లాడటం లేదు గానీ, చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది.

లోపల గోడంతా నీలం. కింది నుంచి పైదాకా జీన్సులే. తలల్లేని బొమ్మలు వరసగా నిలబడి ఉన్నాయి, వాటి కాళ్లకి గోనెసంచుల్లాంటి ప్యాంట్లు. దేవమణి ఒకదాన్ని ముట్టుకుంది, ఇంకోదాన్ని ముట్టుకుంది. ఒక్కటంటే ఒక్కటి కూడా బిగువుగా లేదు. గీత గీయాలని వేళ్లు దురదపెట్టాయి.

మేనేజరు రాధారాణి యాభై దాటిన బెంగాలీ మనిషి, కళ్లజోడు గొలుసుకి వేలాడుతోంది. దేవమణి సంచీలోంచి ప్యాంటు తీసి బల్ల మీద పెట్టి, తనకి వచ్చిన హిందీలో, ఆగకుండా చెప్పేసింది. పిల్ల తప్పు లేదు. పిల్ల పొడుగు మాత్రమే తగ్గించమంది. నేను పిల్ల వదినని, టైలర్ని, అలవాటు కొద్దీ కోసేశాను. శిక్ష వేస్తే నాకు వేయండి, ఉద్యోగం తీయకండి.

రాధారాణి ప్యాంటు తిరగేసింది. కళ్లజోడు పెట్టుకుని పక్క కుట్టు వెంట వేలు నడిపింది.

"కంపెనీ కుట్టు ఎక్కడ ఆగింది, మీది ఎక్కడ మొదలైంది? తెలీడం లేదే" అంది. తర్వాత ఏంజలిన్ వైపు చూసి, "స్టాకులో నీ సైజుది ఇంకోటి ఉంది, వెళ్లి వేసుకో. ఇవాళ్టికి కింద మడిచి పిన్ను పెట్టుకో. ఈ వదినకి మాత్రం ఇవ్వకు" అని నవ్వింది.

ఏంజలిన్ పరిగెత్తింది. దేవమణి ఖాళీ సంచీ మడిచి పక్కకి తిరిగింది. అప్పుడు కనిపించింది, మెట్ల కింద ఒక పెద్ద ప్లాస్టిక్ బుట్ట. అందులో కుప్పగా పడి ఉన్నవి పెన్సిల్ ప్యాంట్లు. సన్నటి కాళ్లు ఒకదాంట్లో ఒకటి చిక్కుకుపోయి ఉన్నాయి. మీద దుమ్ము.

"ఇవేంటి దీదీ, ఇక్కడ పడేశారు?"

"మూడేళ్ల కింద వీటికి ఆ గోడ చాలేది కాదు. ఇప్పుడు ఊరికే ఇస్తామన్నా ముట్టుకోరు."

"ఎవరు వద్దన్నారు?"

"ఎవరూ వద్దనలేదు. అడగడం మానేశారంతే."

"మీరేమైనా తప్పు చేశారేమో."

అడిగేశాక గానీ ఆ ప్రశ్న ఎంత పిచ్చిగా ఉందో దేవమణికి తెలియలేదు. రాధారాణి కళ్లజోడు తీసి ఆమెని వింతగా చూసి, పెద్దగా నవ్వేసింది.

"నేనా? నేనేం చేశాను?"

ఆ మాట దేవమణి లోపల ఎక్కడో తగిలింది. అదే మాట. ఆరు నెలలుగా మోకాళ్ల మీద తను అడుగుతున్నది అదే మాట. తను ఏడుస్తూ అడిగింది, ఈమె నవ్వుతూ అడిగింది. ఎవరి కుట్టూ పిగల్లేదు. ఎవరూ ఏమీ అనలేదు. ఊరు ఒక పక్కకి నడిచినన్నాళ్లు నడిచి, ఇంకో పక్కకి తిరిగింది, అంతే. తన మీద కోపంతో కాదు, అసలు తన వైపు చూసి కూడా కాదు. అందులో ఊరట ఉందో, అవమానం ఉందో తేల్చుకోలేక ఆ బుట్ట ముందు నిలబడి కొంగుతో మొహం తుడుచుకుంది.

కొత్త జీన్సు వేసుకుని వచ్చిన ఏంజలిన్ ఆమె కళ్లు చూసి గాబరా పడింది. "వదినా, నేను మొన్న అలగ అనకూడదు."

"నిజమే కదా అన్నావు. బాగుంది నీకిది." దేవమణి వెనక్కి జరిగి చూసింది. నిజంగానే బాగుందో లేదో ఆమెకి తెలీలేదు.

ఇంటికి వచ్చేసరికి పదకొండు దాటింది. చెప్పులు విప్పి నేరుగా ముందుగదిలోకి వెళ్లి, కటింగు బల్ల మీద ఉన్నవన్నీ కిందికి దించింది. మిషనుని రెండు చేతులతో పట్టి గుమ్మం వైపు లాగడం మొదలుపెట్టింది. ఇనప కాళ్లు నేలని గీరిన చప్పుడికి సూసన్న చేతిలో గరిటెతోనే వచ్చింది.

"ఏటి సేస్తన్నావే?"

"మావ మంచం ఇక్కడెయ్యాలి అత్తా." లాగుతూనే చెప్పింది, ఆగితే చెప్పలేనని. "పది ప్యాంట్లు నేవు. ఒకటీ నేదు. మూడు నెలలుగా దారం తీసి ఉత్తి మిషను తొక్కినాను. మీరు ఇంటారని తొక్కినాను. మావకి గాలి ఆడకపోతే నాను ఈ కిటికీ కాడ కూకోని నాటకమాడినాను. నన్ను ఏటనాలో అనత్తా."

సూసన్న గరిటె పక్కన పెట్టింది. మిషనుకి అవతలి పక్క పట్టుకుంది. లాగడానికి కాదు, ఆపడానికి.

"తెలుసు."

"ఏటి?"

"ఉత్తి మిషనని తెలుసు. నాకు తెలీనేదు, మీ మావకి తెలిసింది. రెక్సిన్ కుట్టినోడికి గుడ్డలో దిగిన సూది సప్పుడు, ఉత్తి సూది సప్పుడు తేడా తెలీదేటి? మొదటి రోజే సెవొగ్గి ఇన్నాడు. ఇని ఏడిసినాడు. ఎందుకేడుస్తున్నావని అడిగితే అప్పుడు సెప్పినాడు నాకు, ఇన్నేళ్లకి."

"ఏటి సెప్పినాడు?"

"రిటైరయ్యే ముందర మూడేళ్లు ఆ సెక్షన్‌లో పనే నేదంట. సీట్లు తయారైపోయి బయట నించి ఒచ్చీవంట. ఫోర్‌మన్ ఇటు ఒస్తన్నాడంటే సుత్తట్టుకోని ఉత్తి బల్ల మీద కొట్టీవోడంట, పని సేస్తన్నట్టు. ఇంటికొచ్చి 'ఇవాళ నడుం పట్టేసిందే, అంత పని' అనీవోడు. నాను నడుముకి నూనె రాసీదాన్ని. మూడేళ్లు, లేని నొప్పికి నూనె రాసినాను." సూసన్న ముక్కు చీదింది. "నిన్నేటీ అడగొద్దన్నాడు. ఆ గది ఊసెత్తొద్దన్నాడు. ఎవులి సప్పుడు ఆల్లని సెయ్యనీ అన్నాడు."

"మరి నువ్వడిగినావు కదత్తా?"

"అడక్కుండా ఎలగుంటాను? అతని దగ్గు ఇనేది నాను కదేటి? నేదని నువ్వే సెప్తావని ప్రెతీ వారం సూసినాను. నువ్వు పదంటావు. ఇంకోసారడిగితే ఇరవై అంటావేమోనని బయపడినాను."

దేవమణికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. మిషను వదిలేసి వెనక గదిలోకి వెళ్లింది. చెమ్మ వాసన వేసే ఆ చీకటి గదిలో సమూయేలు దిండుకి ఆనుకుని తలుపు వైపే చూస్తున్నాడు. అంతా విన్నట్టున్నాడు. ఆమె మంచం పక్కన నేల మీద కూర్చుని ఆయన చచ్చుబడ్డ చేతి మీద నుదురు ఆనించి ఏడ్చింది. ఆయన ఎడమ చేత్తో ఆమె తల తట్టాడు.

"సుత్తి... బరువు" అన్నాడు మాట ముద్దగా. ఊపిరి తీసుకుని, "నీది... మెరుగు. కూకోని... సెయ్యొచ్చు."

మధ్యాహ్నం అత్తాకోడళ్లు ఇద్దరూ కలిసి మంచాన్ని ముందుగదిలోకి మోశారు. కటింగు బల్ల బయట వసారాలోకి పోయింది. మిషనుని కూడా తీసేద్దామని దేవమణి అంటే సమూయేలు ఎడమ చెయ్యి అడ్డంగా ఊపాడు. అది మంచం కాళ్ల దగ్గర, గోడకి ఆనుకుని ఉండిపోయింది. ఇరుకే, కాళ్లు మడిచి కూర్చోవాలి. కిటికీలోంచి గాలి వచ్చి ముసలాయన జుట్టు కదిలించింది. వీధిలో కాలేజీ పిల్లలు నలుగురు నేల ఊడ్చే ప్యాంట్లతో నడిచి వెళ్తుంటే ఆయన మెడ తిప్పి వాళ్లు కనుమరుగయ్యేదాకా చూశాడు. ఎనిమిది నెలల తర్వాత ఆయన చూసిన మొదటి వీధి మనుషులు.

వ్యాను దిగిన కెజియా గది చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"తాత ఇక్కడుంటాడా? మరి నువ్వేటి కుడతావు మమ్మీ?"

అత్త వింటోంది. మావ వింటున్నాడు. చేతి నిండా పనుందమ్మా అన్న మాట అలవాటుగా నాలుక చివరి దాకా వచ్చి, అక్కడే ఆగింది.

"తెలీదమ్మా" అంది దేవమణి.

ఆ మాటకి ఏదో జరుగుతుందనుకుంది. ఏమీ జరగలేదు. కెజియా బ్యాగు దించి తాత మంచం ఎక్కి కూర్చుంది. సమూయేలు సగం మొహంతో నవ్వాడు.

"నాకూ... తెలీదు" అన్నాడు.

"తెలీకపోతే తెలీకపోనాది" అంది సూసన్న లేస్తూ. "అందరికీ టీ పెడతాను, ముందది తాగండి."